రెండు పాయింట్ ముప్పై అంటే ఎంత?

ఒక సీఎస్‌వీ ఫైలు తెరిచారనుకోండి. "విస్తీర్ణం" అనే కాలమ్ కింద 2.30 అని ఉంది. అంతకుమించి ఇంకేమీ లేదు. ఎంత భూమి అది?

గుంటూరు నుంచి వచ్చి మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని అడిగితే "రెండెకరాల ముప్పై సెంట్లు" అంటాడు. అదే ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే మేడ్చల్ కుర్రాణ్ణి అడిగితే "రెండెకరాల ముప్పై గుంటలు" అంటాడు. ఇద్దరి మధ్యలో ఉన్న కంప్యూటర్‌ని అడిగితే 2.3 అంటుంది. చివరి సున్నా ఏమైందయ్యా అంటే, దానికి విలువ లేదు కదా, తీసేశానంటుంది. ఆ 2.3ని మేడ్చల్ కుర్రాడికి చూపిస్తే ఈసారి "రెండెకరాల మూడు గుంటలు" అని చదువుతాడు.

వీళ్ళలో ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. కానీ గజాల్లోకి మార్చి చూడండి. రెండెకరాల ముప్పై గుంటలంటే 13,310 గజాలు. రెండెకరాల ముప్పై సెంట్లంటే 11,132 గజాలు. రెండెకరాల మూడు గుంటలైతే 10,043 గజాలు. మొదటిదానికీ చివరిదానికీ తేడా 3,267 గజాలు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల భూమిని ఎకరాల్లో కాకుండా గజాల్లో బేరమాడుతున్నారు కాబట్టి, ఆ తేడా విలువెంతో మీకు వేరే చెప్పక్కర్లేదు.

టెక్స్ట్ ఫైల్లోంచి అంకెలు చదవడం, మళ్ళీ టెక్స్ట్ ఫైల్లోకి రాయడం... ఇది మనకి కాలేజీలో రెండో వారంలో చెప్పే పాఠం. స్కాన్‌ఎఫ్, ప్రింట్‌ఎఫ్, అయిపోయింది, తర్వాతి చాప్టర్. ఐతే ఆ చిన్న పాఠం వెనక చాలా పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన హైదరాబాద్ ఉత్తర శివార్లకి చాలామందికి తెలియని చోటు కూడా ఉంది. అది చెబుదామనే ఇదంతా.

ముందు ఒక తేలిక ఉదాహరణ. క్రికెట్ స్కోరు చూస్తూ "19.4 ఓవర్లు" అంటే, పంతొమ్మిది ఓవర్లు, నాలుగు బంతులు అని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 19.6 ఉండదనీ, 19.5 తర్వాత వచ్చేది 20 అనీ తెలుసు. అక్కడ చుక్క ఉన్నది దశాంశం కోసం కాదు. చుక్కకి ఎడమవైపు ఒక కొలత, కుడివైపు ఇంకో కొలత, మధ్యలో అడ్డుగోడ. ఆ గోడకి కుడివైపు లెక్క ఆరు దగ్గర తిరుగుతుంది. గడియారంలో 2.30 అన్నప్పుడు అరవై దగ్గర తిరుగుతుంది. తెలంగాణ భూమి రికార్డులో నలభై దగ్గర తిరుగుతుంది. ఆంధ్ర భూమి రికార్డులో మాత్రం వంద దగ్గర తిరుగుతుంది కాబట్టి అక్కడ నిజంగానే అది దశాంశ బిందువు. చూడ్డానికి అన్నీ ఒకే చుక్క.

ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాలకి ఈ తేడా ఎలా వచ్చింది? రెండు గొలుసుల వల్ల.

1620లో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లీషు గణిత శాస్త్రవేత్త భూమి కొలవడానికి ఒక గొలుసు తయారుచేశాడు. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. 66 అడుగులంటే 22 గజాలు. అవును, క్రికెట్ పిచ్ పొడవు. ఈ గొలుసుతో పది చదరపు గొలుసులు కొలిస్తే సరిగ్గా ఒక ఎకరం వస్తుంది. గొలుసులోనే వంద భాగాలున్నాయి కాబట్టి ఎకరాన్ని కూడా వంద భాగాలు చేసుకోవడం సులువు. ఆ నూరో వంతే సెంటు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎకరాలు, సెంట్లు స్థిరపడ్డాయి. కోస్తా జిల్లాలు, రాయలసీమ అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలో ఉన్నాయి కాబట్టి అక్కడ భూమి లెక్క పుట్టుకతోనే దశాంశం.

బొంబాయి ప్రెసిడెన్సీలో గొలుసు వేరు. 33 అడుగులది, అంటే గంటర్ గొలుసులో సగం. దాన్ని నూరు లింకులుగా కాకుండా పదహారు అణాలుగా విభజించారు. రూపాయికి పదహారు అణాలున్న రోజులు కదా మరి. ఆ గొలుసు పొడవు, అదే గొలుసు వెడల్పు ఉన్న చతురస్రం ఒక గుంట. అంటే 33 అడుగులు ఇంటూ 33 అడుగులు, 121 గజాలు. అలాంటివి నలభై అయితే ఎకరం. నిజాం రాజ్యంలో మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు, 1870ల్లో భూమి సర్వే, సెటిల్‌మెంట్ మొదలుపెట్టారు. దానికి నమూనాగా తీసుకున్నది బొంబాయి పద్ధతిని. అలా మేడ్చల్, శామీర్‌పేట పొలాలు గుంటల్లోకి వచ్చాయి.

అంటే 2.30లో ఉన్న గొడవకి మూలం మన కోడ్‌లో లేదు, నూట యాభై ఏళ్ళ కింద ఏ గొలుసు పట్టుకుని పొలంలోకి దిగారన్న దాంట్లో ఉంది.

సరే, గొలుసులు రాకముందు తెలుగువాళ్ళు భిన్నాలు ఎలా రాసేవాళ్ళు? ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చాలా నచ్చే విషయం. పావు, అర, ముప్పావు, వీసం... ఈ మాటలు మనకి ఇంకా వాడుకలో ఉన్నాయి. పావు అంటే నాలుగో వంతు, వీసం అంటే పదహారో వంతు, పావులో పావు. అంటే మన పాత లెక్క నాలుగు ఆధారంగా నడిచేది. నోటితో చెప్పడం వరకే కాదు, రాయడానికి కూడా ప్రత్యేకమైన గుర్తులుండేవి. నాలుగో వంతుల స్థానంలో రాసే ఒకటి, రెండు, మూడు ఒక రకంగా ఉంటాయి. పదహారో వంతుల స్థానంలో రాసేవి ఇంకో రకంగా ఉంటాయి. తర్వాతి స్థానానికి మళ్ళీ మొదటి రకం. ఇలా మార్చి మార్చి వస్తాయి. పాత కాగితాల్లో ఉండిపోయిన ఈ గుర్తుల్ని యూనికోడ్‌లో చేర్చాలని నాగార్జున వెన్న 2006లో ప్రతిపాదన పంపారు. పత్రికల ఫాంట్లని యూనికోడ్‌లోకి మార్చే "పద్మ" చేసింది ఆయనే. 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో ఆ గుర్తులు చేరాయి.

ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. మొదటిది, ఆ గుర్తు ఏ స్థానానికి చెందిందో దాని ఆకారమే కొంతవరకు చెప్పేస్తుంది. మన 2.30లో చుక్క ఏమీ చెప్పదు, దాని పక్కనున్న మూడు కూడా ఏమీ చెప్పదు. రెండోది ఇంకా బాగుంటుంది. 1985లో వచ్చిన ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణం ప్రకారం మన కంప్యూటర్లు భిన్నాల్ని రెండు ఆధారంగా దాస్తాయి. అందులో పదో వంతు సరిగ్గా ఇమడదు, ఎక్కడో ఒకచోట కత్తిరించాల్సిందే. కానీ పావు, వీసం చుక్క తేడా లేకుండా ఇముడుతాయి, ఎందుకంటే నాలుగన్నా పదహారన్నా రెండు హెచ్చింపులే కదా. తాటాకుల కాలపు లెక్క మన ప్రాసెసర్‌కి అచ్చంగా సరిపోతుంది. సరిపోనిది మనం ఆధునికం అనుకుని తెచ్చుకున్న దశాంశమే!

మళ్ళీ రికార్డుల దగ్గరికి వద్దాం. నిజాం కాలపు సేత్వార్లు ఉర్దూలో ఉండేవి. 1948 తర్వాత కొత్తగా హక్కుల రికార్డు తయారుచేయాలని చట్టం చేశారు. ఆ చట్టం పేరులో ఉన్న సంవత్సరం 1358 ఫస్లీ. దాని కింద 1954-55లో ఊరూరా తయారైనవే ఖాస్రా పహాణీలు. ఇప్పటికీ మేడ్చల్ చుట్టుపక్కల భూమి కొనేవాళ్ళకి లాయరు మొదట అడిగే కాగితాల్లో ఇదొకటి. ఫస్లీకి 590 కలిపితే మనకి తెలిసిన సంవత్సరం వస్తుంది. 1410 ఫస్లీ అంటే 2000-01 అన్నమాట. ఇప్పుడు "సంవత్సరం" అనే కాలమ్‌లో ఒక వరుసలో 1364, ఇంకో వరుసలో 1954 ఉంటే రెండూ ఒకే ఏడాది అని ప్రోగ్రాముకి ఎవరు చెప్పాలి? ఆ రెండు అంకెలూ ఏ తప్పూ లేకుండా పార్స్ అవుతాయి. ఎర్రర్ రాదు. అసలు ప్రమాదం అదే. ఎర్రర్ వస్తే ఎవరైనా చూస్తారు కదా.

కాగితం మీద ఎకరాలు, గుంటలు రాసేటప్పుడు మధ్యలో అడ్డగీత పెట్టి "2-30" అని రాయడం అలవాటు. ముందు "ఎ.", చివర "గుం." అని ఉంటుంది. ఇప్పటి సేల్ డీడుల్లో కూడా అలాగే కనబడుతుంది. దాన్ని చదివేవాడు పట్వారీ. అతనికి ఎవరూ డేటా డిక్షనరీ ఇవ్వలేదు. అది అతని బుర్రలో ఉండేది. ఆ బుర్ర మీదే ఊరంతా ఆధారపడటంతో దాన్ని అడ్డం పెట్టుకుని అన్యాయాలు కూడా బోలెడు జరిగాయి, అందులో దాపరికం లేదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ, కరణం, మునసబు పదవులన్నిటినీ రద్దు చేసింది.

సరిగ్గా ఇక్కడే కథలోకి కంప్యూటర్ వస్తుంది. 1988-89లో కేంద్ర ప్రభుత్వం భూమి రికార్డుల కంప్యూటరీకరణ పథకం మొదలుపెట్టింది. దేశం మొత్తం మీద ప్రయోగాత్మకంగా ఎనిమిది జిల్లాల్ని ఎంచుకుంది. గుజరాత్ నుంచి గాంధీనగర్, మహారాష్ట్ర నుంచి వార్ధా, ఒరిస్సా నుంచి మయూర్‌భంజ్... అలా ఒక్కో రాష్ట్రం నుంచి ఒక్కోటి. ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంచుకున్నది రంగారెడ్డి జిల్లాని. మేడ్చల్, శామీర్‌పేట అప్పుడు ఆ జిల్లాలోనే ఉన్నాయి. 2016 అక్టోబర్‌లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడేదాకా అందులోనే ఉన్నాయి. అంటే, భారతదేశంలో భూమి లెక్కల్ని కాగితం మీంచి ఫైల్లోకి ఎక్కించడం ఎలా అన్న ప్రశ్న మొట్టమొదట ఎదురైన చోట్లలో మన శివార్లు కూడా ఉన్నాయన్నమాట. హైటెక్ సిటీ కట్టడానికి పదేళ్ళ ముందు!

అప్పటికి యూనికోడ్ లేదు. మన భాషల కోసం ఇస్కీ అనే కోడ్ తయారవుతోంది, 1991లో అది భారతీయ ప్రమాణం అయింది. అందులో అంకెలకి రెండు జాగాలున్నాయి. ఆస్కీ నుంచి వచ్చిన 0 నుంచి 9 ఒకచోట, భారతీయ అంకెలు ఇంకోచోట. యూనికోడ్‌లో కూడా ఇదే పద్ధతి. కాబట్టి 12 అన్నా ౧౨ అన్నా మనిషికి ఒకటే, ఫైల్లో మాత్రం వేరు వేరు బైట్లు. ఇవాళ పైథాన్‌కి ౧౨ ఇచ్చి ఇంట్ చేయమంటే బుద్ధిగా 12 ఇస్తుంది. జావాలో పార్స్‌ఇంట్ కూడా ఇస్తుంది. జావాస్క్రిప్ట్‌ని అడిగితే అసలు నంబరే కాదంటుంది. సీ భాషలో ఏటూఐకి ఇస్తే సున్నా అని చెప్పి ఊరుకుంటుంది. భూమి రికార్డులో ఈ చివరిది ఎంత దారుణమో ఆలోచించండి. చదవలేకపోయాననడం వేరు, మీకు భూమి సున్నా అనడం వేరు.

ఇంతకీ నంబర్లని చదవడం, రాయడం అంత కష్టమా అని అడగొచ్చు. కష్టమే. 1990లో ఒకే సమావేశంలో రెండు పేపర్లు వచ్చాయి. ఒకటి విలియం క్లింగర్‌ది, ఫ్లోటింగ్ పాయింట్ నంబర్లని సరిగ్గా చదవడం ఎలా అని. ఇంకోటి గై స్టీల్, జాన్ వైట్ రాసినది, వాటిని సరిగ్గా రాయడం ఎలా అని. అంటే కంప్యూటర్లు వచ్చిన నలభై ఏళ్ళ తర్వాత కూడా అది తేలని లెక్కే. 2011 మొదట్లో, 2.2250738585072011 ఇంటూ పది పవర్ మైనస్ 308 అనే ఒక్క అంకెని చదవమంటే పీహెచ్‌పీ అనంతంగా తిరుగుతూ ఉండిపోయేది. కొద్ది వారాల తర్వాత దాదాపు అలాంటి అంకెతోనే జావా కూడా దొరికిపోయింది. ఇక లొకేల్ గోల ఒకటి. జర్మనీలో దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు. జర్మన్ లొకేల్ పెట్టిన మెషీన్‌లో సీ లైబ్రరీకి 2.30 ఇస్తే చుక్క దగ్గరే ఆగిపోయి 2 అంటుంది. మనం 12,50,000 అని రాసుకుంటాం, దాన్ని కోట్స్ లేకుండా సీఎస్‌వీలో పెడితే పన్నెండున్నర లక్షలు మూడు కాలమ్‌లై కూర్చుంటుంది.

ఐతే ఇవన్నీ ఎవరో ఒకరు పరిష్కరించిన, లేదా పరిష్కరించగలిగిన సమస్యలు. 2.30 సమస్య ఇంకో రకం. దాన్ని లైబ్రరీ రాసేవాడు పరిష్కరించలేడు. ఎందుకంటే సమాధానం ఫైల్లో లేదు.

కోడ్‌లో ఏమవుతుందో చూద్దాం. ఎవరో ఎకరాలు-గుంటల్ని ఫ్లోట్‌గా చదివారు. పూర్ణాంకం తీసేసి, మిగిలినదాన్ని 100తో గుణించి, ఇంట్ చేస్తే గుంటలు వస్తాయి కదా అనుకున్నారు. 2.20తో టెస్ట్ చేశారు, 20 వచ్చింది. బ్రహ్మాండం. ఇప్పుడు 2.30 ఇవ్వండి. 29 వస్తుంది! 2.3 అనేది రెండు ఆధారంలో సరిగ్గా ఇమడదు, కొంచెం తక్కువ దగ్గర ఆగుతుంది. అందులోంచి 2 తీసేసి వందతో గుణిస్తే 29.99999999999998 వస్తుంది. ఇంట్ దాన్ని నిర్దాక్షిణ్యంగా కోసేస్తుంది. ఒక గుంట గల్లంతు. 121 గజాలు, ఒక చిన్న ఇంటి స్థలం.

కూడిక ఇంకా బాగుంటుంది. అన్నదమ్ములిద్దరికీ చెరో 1.30 ఉంది, కలిపి ఎంత? ఎక్సెల్ 2.6 అంటుంది. నిజానికి మూడెకరాల ఇరవై గుంటలు. ఇక్కడ ఒక అదృష్టం ఉంది. 2.60 అని రాస్తే గుంటలు నలభై దాటాయి కాబట్టి తప్పని పట్టుకోవచ్చు. కానీ 1.10, 1.20 కలిపితే 2.30 వస్తుంది, అది సరైనదే. అంటే కొన్నిసార్లు సరిగ్గా వస్తుంది, కొన్నిసార్లు రాదు. సార్టింగ్ అయితే రెండంకెలు ఉన్నంతవరకు ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. ఇలా సగం పనుల్లో నంబరులాగా నడుచుకుంటుంది కాబట్టే అందరూ దాన్ని నంబరే అనుకుంటారు.

డబ్బు దగ్గరికొస్తే ఏమవుతుంది? 2018 మే నెలలో తెలంగాణలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి, పంటకి 4,000 రూపాయలు ఇచ్చారు. రెండెకరాల ముప్పై గుంటలున్న రైతుకి రావాల్సింది 11,000. అదే అంకెని దశాంశంగా చదివితే 9,200. సున్నా పోయి మూడు గుంటలుగా మారితే 8,300. అలా జరిగిందని నేననట్లేదు. ఒక్క చుక్క మీద ఎంత బరువు వేలాడుతోందో చూపించడానికి చెబుతున్నానంతే.

సున్నా ఎక్కడ పోతుందో కూడా మనందరికీ తెలిసిందే. సీఎస్‌వీ ఫైల్ని ఎక్సెల్‌లో తెరుస్తారు. ఏదో ఒక చిన్న స్పెల్లింగ్ సరిచేస్తారు. సేవ్ కొడతారు. 2.30 కాస్తా 2.3 అయిపోతుంది, 1.10 కాస్తా 1.1 అవుతుంది. ఎవరూ ఆ కాలమ్ ముట్టుకోలేదు, ఐనా మారిపోయింది. భూమి సంగతి పక్కన పెట్టినా, 2021లో పైథాన్ 3.10 వచ్చినప్పుడు యామల్ ఫైల్లో కోట్స్ లేకుండా 3.10 అని రాసినవాళ్ళకి 3.1 వెర్షన్ కావాలా అని బిల్డ్ సర్వర్ అడిగింది గుర్తుందా? అదే జబ్బు.

సర్వే నంబర్లది ఇంకో కథ. మన వైపు సర్వే నంబర్లు 8/3 అనీ, 123/అ, 123/ఆ అనీ ఉంటాయి. అక్షరాలున్నవి బతికిపోతాయి. 8/3ని ఎక్సెల్ చూసిందంటే తేదీ చేసేస్తుంది. మన సెట్టింగ్స్‌లో మార్చి 8, అమెరికా సెట్టింగ్స్‌లో ఆగస్టు 3. లోపల దాచుకునేది ఇంకో అంకె, 2024 మార్చి 8 అయితే 45359. ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. శామీర్‌పేట దగ్గర తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ ఉంది కదా. జీన్‌ల మీద పనిచేసేవాళ్ళని కూడా ప్రపంచమంతా ఇదే జబ్బు పీడించింది. మార్చ్1, సెప్ట్2 లాంటి పేర్లున్న జీన్‌లని ఎక్సెల్ తేదీలుగా మార్చేసేది. 2016లో పరిశీలిస్తే, ఎక్సెల్ ఫైళ్ళలో జీన్ లిస్టులు జతచేసిన పేపర్లలో దాదాపు అయిదింట ఒకదాంట్లో ఇలాంటి తప్పులున్నాయని తేలింది. చివరికి 2020లో జీన్ పేర్ల కమిటీ వాళ్ళే దిగొచ్చి పేర్లు మార్చారు, సెప్ట్2 సెప్టిన్2 అయింది. సైంటిస్టులు జీన్ పేరు మార్చుకోగలిగారు. రైతు తన సర్వే నంబరు మార్చుకోలేడు.

అదే 2020లో మన శివార్లు మళ్ళీ కథలోకి వచ్చాయి. సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం వీఆర్వో పోస్టుల్ని చట్టం చేసి రద్దు చేసింది. అక్టోబర్ 29న ధరణి పోర్టల్ మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ దాన్ని ప్రారంభించింది సెక్రటేరియట్‌లో కాదు, మూడుచింతలపల్లిలో. అంతకు కొంతకాలం ముందు వరకు శామీర్‌పేట మండలంలో ఉన్న ఊరు అది.

రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూడండి. 1984లో పట్వారీని తీసేశాం, 1988లో కంప్యూటర్ తెచ్చాం. 2020 సెప్టెంబర్‌లో వీఆర్వోని తీసేశాం, అక్టోబర్‌లో పోర్టల్ తెచ్చాం. రెండుసార్లూ మనుషుల్ని తీసేయడానికి కారణాలున్నాయి, లంచాలు, ఇష్టారాజ్యం. ఆ కారణాలు అబద్ధమని ఎవరూ అనలేరు. కానీ రెండుసార్లూ అంకెని చదవడం తెలిసిన మనిషి ముందు వెళ్ళిపోయాడు, అంకె మాత్రం ఫైల్లో ఉండిపోయింది. అతని బుర్రలో ఉన్నదాన్ని ఫైల్లోకి దించుకోకుండా అతన్ని పంపించేస్తే, మిగిలేది ఒక చుక్క, దాని పక్కన రెండంకెలు.

ధరణి కాలపు పట్టాదారు పాసు పుస్తకాల్లో విస్తీర్ణం చుక్క తర్వాత నాలుగు అంకెలతో ఉంటుంది. 2.3050 అని ఉంటే రెండెకరాల ముప్పై గుంటలన్నర. ఎకరాలు పదితో నడుస్తాయి, మధ్యలో రెండంకెలు నలభై దగ్గర తిరుగుతాయి, చివరి రెండంకెలు గుంటలో నూరో వంతులు. ఒకే అంకెలో మూడు లెక్కలు! నాలుగంకెలు ఎప్పుడూ రాస్తే సున్నాల గోల కొంత తగ్గుతుంది, కానీ చూడ్డానికి ఇంకా పక్కా దశాంశంలా ఉంటుంది. పాసు పుస్తకంలో తప్పులు సరిదిద్దించుకోవడానికి టీఎం 33 అనే దరఖాస్తు పెట్టాల్సి వచ్చేది. ఆ తప్పుల్లో ఏది మనిషి చేసిందో, ఏది ఫైలు చేసిందో రైతుకి అనవసరం. అతను చూసేది ఒక్కటే, పొలం అక్కడే ఉంది, అంకె మారింది.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. చట్టం మంచిదా చెడ్డదా అనేది వేరే చర్చ. మన వృత్తి వైపు నుంచి చూస్తే, పేరు మారిన ప్రతిసారీ డేటా ఒకచోట నుంచి రాసి ఇంకోచోట చదవాల్సిందే. ఆ చదివే కోడ్ రాసేది మనలాంటి వాళ్ళే. ఎక్కడో క్యూబికల్‌లో కూర్చుని, శుక్రవారం సాయంత్రం డెడ్‌లైన్ పెట్టుకుని.

అందుకని నాకు తోచినవి నాలుగు మాటలు. పెద్ద సిద్ధాంతాలేం కాదు.

ఒకటి, కాలమ్ పేరు "విస్తీర్ణం" అని పెట్టకండి. "ఎకరాలు", "గుంటలు" అని రెండు కాలమ్‌లు పెట్టండి. పాత రిజిస్టర్ రాసినవాడు అడ్డగీత పెట్టింది ఊరికే కాదు.

రెండు, బయటినుంచి వచ్చిన ఏ అంకెనైనా ముందు టెక్స్ట్‌గానే చదవండి. చుక్క దగ్గర మీరే విడగొట్టండి. గుంటలు 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే లోపలికి రానివ్వకండి. చుక్క తర్వాత ఒకే అంకె ఉంటే అది ముప్పయ్యో మూడో ఊహించకండి, ఆపి మనిషిని అడగండి. వచ్చిన టెక్స్ట్‌ని ఎప్పటికీ పారేయకండి. రేపు గొడవ వస్తే మీ ఫ్లోట్ సాక్ష్యం కాదు, ఆ టెక్స్టే సాక్ష్యం.

మూడు, లోపల లెక్కలకి పూర్ణాంకాలు వాడండి. ధరణి పద్ధతిలో గుంటలో నూరో వంతు వరకు వెళ్ళాలంటే, ఎకరం అంటే 4,000 భాగాలు. రెండెకరాల ముప్పై గుంటలు 11,000 భాగాలు. కూడితే సరిగ్గా వస్తుంది, తీసేస్తే సరిగ్గా వస్తుంది, బ్యాంకులవాళ్ళు పైసల్లో లెక్క పెట్టుకున్నట్టే. మళ్ళీ ఎకరాలు, గుంటలుగా విడగొట్టడం చివర్లో, చూపించేటప్పుడు మాత్రమే.

నాలుగు, రాసిన ఫైల్ని మళ్ళీ చదివి మొదటిదాంతో పోల్చండి. ఒక్క బైటు తేడా ఉన్నా ఎందుకో తెలిసేదాకా ముందుకి పోకండి. టెస్ట్ డేటాలో 2.20 ఒక్కటే పెట్టకండి, 2.30 కూడా పెట్టండి, 1.10 పెట్టండి, 0.05 పెట్టండి, ౨.౩౦ కూడా ఒకటి పడేయండి.

ఇదంతా చాదస్తం అనిపించొచ్చు. షాపింగ్ సైట్లో ధర తప్పు పడితే రిఫండ్ ఇస్తాం, సారీ మెయిల్ పంపుతాం. ఇక్కడ తప్పు పడితే, మూడుచింతలపల్లిలోనో తుర్కపల్లిలోనో ఒక రైతు పాసు పుస్తకం సంచీలో పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతాడు. ఆయనకి ఫ్లోట్ తెలియదు, సీఎస్‌వీ తెలియదు. కానీ 2.30 అంటే ఎంతో మాత్రం ఖచ్చితంగా తెలుసు. ఏ గట్టు నుంచి ఏ గట్టు వరకో నడిచి చూపిస్తాడు.